విదేశీ యూనివర్సిటీలో ఇబ్బంది వస్తే: ఏ ఆఫీసుకు, ఎప్పుడు, ఏ కాగితంతో వెళ్లాలి

సాయం చేసే ఆఫీసులు లేని యూనివర్సిటీ అరుదు. సాయం అందకపోవడానికి ఎక్కువసార్లు కారణం గడువు దాటాక వెళ్లడమే. పరీక్ష రాసేసి, ఫెయిలయ్యాక "ఆ రోజు ఒంట్లో బాగోలేదు" అంటే చాలాచోట్ల చెల్లదు. బ్రిటన్‌లో అనేక యూనివర్సిటీలు దీన్ని 'ఫిట్ టు సిట్' అనే నియమంగానే పెట్టాయి: హాల్లో కూర్చున్నారంటే, రాయగల స్థితిలో ఉన్నామని మీరే ఒప్పుకున్నట్టు లెక్క.

అందుకే సెమిస్టర్ మొదటి వారంలోనే ఐదు చోట్ల ఈమెయిల్ చిరునామాలు రాసిపెట్టుకోండి: ఇంటర్నేషనల్ ఆఫీసు, డిసెబిలిటీ సర్వీస్, కౌన్సెలింగ్, మీ అకడమిక్ అడ్వైజర్ లేదా పర్సనల్ ట్యూటర్, స్టూడెంట్ యూనియన్ సలహా విభాగం. జర్మనీలో హాస్టల్, మెస్ లాంటివి యూనివర్సిటీ చేతిలో ఉండవు. స్టుడీరెండెన్‌వెర్క్ అనే వేరే సంస్థ చూస్తుంది. ఫ్రాన్స్‌లో క్రూస్ అలాంటిదే. యూనివర్సిటీ వెబ్‌సైట్ ఒక్కటే వెతికితే ఇవి దొరక్కపోవచ్చు.

పరీక్షకో అసైన్‌మెంట్‌కో గడువు పెంచుకోవాలంటే

ప్రొఫెసర్ "ఫర్వాలేదు, తర్వాత ఇవ్వు" అన్న మాట మీద ఆధారపడకండి. చాలాచోట్ల నిర్ణయం తీసుకునేది ఆయన కాదు, ఒక కమిటీ. గడువుకు ముందే పోర్టల్‌లో ఫారం పెట్టండి. రుజువు చేతికి రాకపోయినా ఫారం ఆపకండి. "డాక్టరు లెటర్ తర్వాత జతచేస్తాను" అని రాస్తే చాలాచోట్ల తీసుకుంటారు.

అసలు చిక్కు ఆ లెటర్‌తోనే వస్తుంది. కోలుకున్నాక వెళ్లి రాయించుకుంటే డాక్టరు "తనకు జ్వరం వచ్చిందని పేషెంట్ చెప్పారు" అనే రాయగలరు. అలాంటి లెటర్‌కు విలువ తక్కువ. ఒంట్లో బాగోలేనప్పుడే చూపించుకోండి. లెటర్‌లో మూడు విషయాలు కచ్చితంగా ఉండాలి: డాక్టరు మిమ్మల్ని చూసిన తేదీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఇబ్బంది ఉంది, దాని వల్ల చదవడానికో రాయడానికో ఎంత ఆటంకం కలిగింది. మూడోది లేకే చాలా దరఖాస్తులు వెనక్కి వస్తాయి. జబ్బు వివరాలన్నీ బయటపెట్టాల్సిన పని లేదు. లెటర్ వేరే భాషలో ఉంటే సర్టిఫైడ్ అనువాదం అడుగుతారు, దానికీ కొన్ని రోజులు పడుతుంది.

దీర్ఘకాలిక సమస్య ఉంటే

డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ, డిప్రెషన్, మధుమేహం లాంటివాటికి ప్రతిసారీ గడువు అడుక్కోవడం దండగ. డిసెబిలిటీ సర్వీస్‌లో ఒకసారి నమోదైతే పరీక్షలో అదనపు సమయం, విడి గది, నోట్స్ వంటి ఏర్పాట్లు వస్తాయి. బ్రిటన్‌లో 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్, అమెరికాలో 1990 నాటి ఏడీఏ (అమెరికన్స్ విత్ డిసెబిలిటీస్ యాక్ట్) చట్టం దీనికి ఆధారం. బ్రిటన్‌లో తరచూ 25 శాతం, అమెరికాలో తరచూ 50 శాతం అదనపు సమయం ఇస్తారు. అమెరికాలో సాధారణంగా మీకు ఏ ఏర్పాట్లు ఇచ్చారో చెప్పే డిసెబిలిటీ సర్వీస్ లెటర్‌ను ప్రతి సెమిస్టర్ మళ్లీ తీసుకుని ప్రొఫెసర్లకు మీరే అందేలా చూడాలి, అది తనంతట తాను చేరదు. పైగా ఈ ఏర్పాట్లు వెనకటి తేదీకి వర్తించవు. జర్మనీలోనైతే దరఖాస్తు సాధారణంగా పరీక్షల కమిటీకి పెట్టాలి.

కోర్సు వదిలే ముందు

ఎఫ్-1 వీసా మీద అమెరికాలో బ్యాచిలర్స్ డిగ్రీ చదివేవాళ్లకు సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. అకడమిక్ అడ్వైజర్ మంచి మనసుతోనే "ఈ కోర్సు వదిలెయ్" అనవచ్చు, ఆయనకు వీసా సంగతి గుర్తుండకపోవచ్చు. పోర్టల్‌లో డ్రాప్ బటన్ కూడా సాధారణంగా మిమ్మల్ని ఆపదు. కాబట్టి ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) సెవిస్‌లో (ఆ విద్యార్థుల రికార్డులుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) అనుమతి నమోదు చేయాలి, ఆ తర్వాతే కోర్సు వదలాలి. ఈ వరస తారుమారైతే వీసా స్టేటస్ పోతుంది. అనారోగ్యం కారణమైతే లైసెన్సు ఉన్న డాక్టరు (అక్కడి ఎండీ లేదా డీఓ డిగ్రీ) లేదా లైసెన్సు ఉన్న క్లినికల్ సైకాలజిస్టు లెటర్ కావాలి. అనుమతి ప్రతి టర్మ్‌కూ కొత్తగా తీసుకోవాలి, ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలలకు మించదు.

కౌన్సెలింగ్

మొదటి అపాయింట్‌మెంట్ చాలాచోట్ల చిన్నది, మీకు ఏ సాయం కావాలో తేల్చడానికే. అప్పుడే అడగండి: మొత్తం ఎన్ని సెషన్లు ఇస్తారు, ఎన్నాళ్లు ఆగాలి, అవి అయిపోయాక బయట ఎవరి దగ్గరికి పంపుతారు, ఇన్సూరెన్స్ వర్తిస్తుందా. కౌన్సెలర్‌కు చెప్పింది గోప్యంగా ఉంటుంది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటివి మినహాయింపు. హాస్టల్ సిబ్బందికి చెప్పింది మాత్రం పై అధికారికి చేరవచ్చు. అర్ధరాత్రి పరిస్థితి చేయిదాటేలా ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి, హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి: అమెరికాలో 988, బ్రిటన్‌లో 116 123, ఆస్ట్రేలియాలో 13 11 14.

డబ్బు కటకట వస్తే హార్డ్‌షిప్ ఫండ్ అడగవచ్చు. ఇటీవలి నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, అనుకోకుండా ఏం మారిందో చెప్పే ఒక పేరా సిద్ధం చేసుకోండి. ట్యూషన్ ఫీజుకు సాధారణంగా ఇవ్వరు.

కాదన్నారంటే

నిర్ణయాన్ని, దాని కారణాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. అప్పీలు గడువు కొన్నిచోట్ల రెండు వారాలే. రాసేముందు యూనియన్ సలహాదారుకు చూపించండి, వాళ్లు యూనివర్సిటీ పక్షం కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో లోపలి అప్పీళ్లన్నీ అయ్యాక 'కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్' లెటర్ వస్తుంది. ఆ తేదీ నుంచి 12 నెలల్లోపు ఓఐఏకు (విద్యార్థుల ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థ) ఫిర్యాదు చేయవచ్చు. మార్కులు తక్కువ వేశారన్న వాదనను ఓఐఏ పట్టించుకోదు, నియమం తప్పారని చూపించాలి. ఆస్ట్రేలియాలో 2025 ఫిబ్రవరి నుంచి నేషనల్ స్టూడెంట్ అంబుడ్స్‌మన్ (విద్యార్థుల ఫిర్యాదులు విచారించే స్వతంత్ర వ్యవస్థ) ఉంది. అమెరికా యూనివర్సిటీల్లోని అంబుడ్స్ ఆఫీసు సంగతి వేరు: గుట్టుగా వింటారు, దారి చెబుతారు, కానీ అక్కడ చెప్పుకోవడం అధికారిక ఫిర్యాదు కిందికి రాదు. అందుకని అప్పీలు ఫారం కూడా అదే వారంలో పెట్టేయండి.