సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనే ముందు బండిని ఎలా పరీక్షించాలి?

మా బావమరిది మూడేళ్ల కింద హైదరాబాద్ వెళ్లి ఒక ఎర్ర టర్బో హ్యాచ్‌బ్యాక్ కొన్నాడు. మీటర్ 38 వేల కిలోమీటర్లు చూపించింది. సాయంత్రం ఆరింటికి బండి చూశాం, ఏడింటికి బయానా ఇచ్చేశాడు. మరుసటి వారం మిగతా డబ్బు కట్టి హనుమకొండకు తెస్తుంటే, జనగామ దాటాక గేర్‌బాక్స్ లైటు వెలిగి బండి రోడ్డు పక్కన ఆగిపోయింది. మిగతా దారి టోయింగ్ బండి మీద వచ్చింది. రిపేరుకు లక్ష దాటింది. మేం వెళ్లేసరికే ఆ ఇంజిన్ వేడిగా ఉందని నేను గమనించాను, కానీ తన సంతోషం చూసి ఏమీ అనలేదు. ఆ తర్వాత నుంచి కుటుంబంలోగానీ స్నేహితుల్లోగానీ ఎవరు ఇలాంటి బండి కొంటామన్నా వెంట వెళ్తున్నాను. నేను చూసే వరుస ఇది.

మామూలు కారు కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడుగుతాం. స్పోర్ట్స్ కారుకు అది సగం ప్రశ్నే. ఎలా తిరిగింది అనేదే అసలు ప్రశ్న. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన నిమిషంలోనే రెడ్ లైన్ (ఆర్పీఎం మీటర్‌లో ఎర్ర గీత, ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగం) దాకా లాగిన 20 వేల కిలోమీటర్ల బండి కన్నా, హైవే మీద నెమ్మదిగా వేడెక్కి 70 వేలు తిరిగి, టైముకు ఆయిల్ మార్చుకున్న బండి నయం. అలాగని అసలు తిరగకుండా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కవర్ కింద పడి ఉన్న బండి కూడా మంచిదనుకోవద్దు. రబ్బర్ సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో పెట్రోల్ పాతబడుతుంది, టైర్లు ఒకేచోట నొక్కుకుపోయి చదునవుతాయి.

ముందుగా ఇంట్లో చేయాల్సిన పని

ఏ మోడల్ కొనాలనుకుంటున్నారో దాని బలహీనత ఏమిటో బండి చూడ్డానికి వెళ్లేముందే తెలుసుకోండి. 1.2 లీటర్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐలో ఉండేది డ్రై క్లచ్ 7 స్పీడ్ డీఎస్‌జీ, అంటే నూనెలో తడవని రెండు క్లచ్‌లున్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఆ గేర్‌బాక్స్‌లో మెకట్రానిక్ యూనిట్ (గేర్లు మార్చే కంప్యూటర్, హైడ్రాలిక్ భాగం), క్లచ్ ప్యాక్ చూసుకోవాల్సిన భాగాలు. 2017లో వచ్చిన స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్‌లో వెట్ క్లచ్ (క్లచ్‌లు నూనెలో మునిగి ఉండే) డీఎస్‌జీ వచ్చింది. అది దృఢమైనదే, కానీ సుమారు 60 వేల కిలోమీటర్లకోసారి గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలి. మార్చిన బిల్లు అడగండి. 2015లో వచ్చిన అబార్త్ పుంటో 145 హార్స్‌పవర్ ఇంజిన్‌తో సరదాగా నడిచే బండి. అయితే ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకం ఆపేసింది కాబట్టి బంపర్, హెడ్‌లైట్ లాంటివి దొరకడమే కష్టం. 2008కి ముందరి పోర్షా బాక్స్‌టర్, కేమన్ బండ్లలో ఇంజిన్ లోపలి ఐఎంఎస్ బేరింగ్ (మధ్య షాఫ్ట్‌ను మోసే బేరింగ్) గురించి ప్రపంచమంతా తెలుసు. అది చెడితే ఇంజినే పోతుంది.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. ఈ బండికి మన ఊళ్లో చేయి వేయగల మెకానిక్ ఉన్నాడా, లేక చెక్ ఇంజిన్ లైటు వెలిగిన ప్రతిసారీ హనుమకొండ నుంచి 145 కిలోమీటర్లు హైదరాబాద్ వెళ్లాలా? కరీంనగర్, మంచిర్యాల వాళ్లకు ఆ దూరం ఇంకా ఎక్కువ. అందుకే బండి ధరలో కనీసం 15 శాతం డబ్బు విడిగా పక్కన పెట్టుకోగలిగితేనే ఈ ఆలోచన చేయమంటాను.

కాగితాలు

నంబర్ ప్లేటే కొంత కథ చెబుతుంది. ఏపీ 36 అని ఉంటే 2014 జూన్‌కు ముందు వరంగల్‌లో రిజిస్టర్ అయిన బండి, టీఎస్ 03 అయితే ఆ తర్వాతిది, టీజీ ఉంటే 2024 మార్చి తర్వాతిది. అమ్మే మనిషి "2015 మోడల్ అన్నా" అంటున్నాడు, ప్లేటు మీద ఏపీ 36 ఉంది అంటే అక్కడే ఆగి ఆర్‌సీ అడగండి. ఆర్‌సీలో తయారైన నెల, ఓనర్ల వరుస సంఖ్య, ఫైనాన్స్ ఉందా లేదా చూడండి. లోన్ తీరిపోయిందంటే సరిపోదు. బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్‌సీలో లోన్ కొట్టేయించే ఫారం 35 చేతిలో ఉండాలి.

వేరే రాష్ట్రం బండి తక్కువ ధరకు వస్తుంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు రావడంతో చాలా పాత బండ్లు దక్షిణానికి వచ్చాయి. వాటికి పాత ఆర్టీఏ నుంచి ఫారం 28 ఎన్ఓసీ కావాలి, మళ్లీ ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఖరీదైన బండికి ఆ ట్యాక్స్ చిన్న మొత్తం కాదు. బేరం ఆడకముందే ఆర్టీఏ ఆఫీసులో లెక్క అడిగి రండి.

ఇక్కడ చాలామంది వదిలేసే రెండు కాగితాలున్నాయి. ఒకటి చలాన్లు. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో నంబర్ కొడితే కట్టకుండా మిగిలినవి కనిపిస్తాయి. మొత్తం ఎంతో చూసి వదిలేయకండి, అవి దేనికి పడ్డాయో చదవండి. ఓవర్‌స్పీడ్ చలాన్లే వరుసగా ఉంటే ఆ బండి ఎలా తిరిగిందో తెలిసినట్టే. రెండోది ఇన్సూరెన్స్ పాలసీ. క్లెయిమ్ చేయని వాళ్లకు నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడాది తర్వాత 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతం దాకా పెరుగుతుంది. "ఆరేళ్లలో ఒక్క గీత కూడా పడలేదు" అన్న ఓనర్ పాలసీలో బోనస్ సున్నా అని ఉంటే, ఆ క్లెయిమ్ దేనికి తీసుకున్నారో నేరుగా అడగండి.

పొద్దున్నే, చల్లటి ఇంజిన్ మీద

బండి చూడ్డానికి పొద్దున ఏడింటికి వస్తామని, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మర్యాదగా చెప్పి ఇంకో రోజు రండి. వేడి ఇంజిన్ చాలా జబ్బులు దాచేస్తుంది, మా విషయంలో జరిగింది అదే.

బానెట్ ఎత్తి ముందు ఆయిల్ డిప్‌స్టిక్ తీయండి. మట్టం తక్కువుంటే బండి ఆయిల్ తాగుతోందన్నా అనుకోవాలి, ఓనర్ పట్టించుకోలేదన్నా అనుకోవాలి. కూలెంట్ రంగు శుభ్రంగా ఉండాలి, మీద నూనె తెట్టు తేలకూడదు. ఆయిల్ మూత అడుగున మజ్జిగ లాంటి తెల్లటి నురగ ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుండొచ్చు. దగ్గరి దూరాలే తిరిగే బండిలో చలికాలం తేమకు కూడా కొంచెం అలా కనిపిస్తుంది కాబట్టి, అదొక్కటే చూసి తేల్చకండి.

ఇప్పుడు ఒకరు స్టార్ట్ చేయాలి, ఇంకొకరు సైలెన్సర్ వెనక నిలబడాలి. మొదటి రెండు మూడు సెకన్లలో ఇంజిన్ నుంచి గొలుసు కొట్టుకున్నట్టు గలగల వినిపిస్తే టైమింగ్ చైన్ మీద అనుమానం పెట్టుకోండి. పొగ రంగు చూడండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. తెల్లటి ఆవిరి కాసేపటికి పోతే సాధారణమే. అది పోకుండా దట్టంగా, తియ్యటి వాసనతో వస్తుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) దగ్గర కూలెంట్ లీకవుతుండొచ్చు. నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, చాలాసార్లు సరిగా చేయని రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పు) వల్లే.

రీమ్యాప్ మాట వచ్చింది కాబట్టి ఇంకాస్త చెప్పాలి. మన దగ్గర కుర్రవాళ్ల చేతుల్లో నుంచి వచ్చిన టర్బో బండ్లలో ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచినవి చాలా ఉంటాయి. మంచి ట్యూనర్ దగ్గర, అందుకు తగ్గ క్లచ్, కూలింగ్‌తో చేయించినదైతే నాకు అభ్యంతరం లేదు. భయం ఎక్కడంటే, అమ్మే ముందు పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించి ఏమీ జరగనట్టు చూపించే బండితో. బయటి కంపెనీ ఎయిర్ ఫిల్టర్, కొత్తగా వెల్డింగ్ చేసిన సైలెన్సర్ పైపు, పైపుల మీద కొత్త క్లిప్పులు కనిపిస్తే "స్టాక్ బండి" (కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండి) అనే మాట నమ్మకండి. తీసేసిన ఒరిజినల్ భాగాలు ఇస్తారా అని అడగండి. ఇస్తామంటే మంచి ఓనర్ చేతిలో ఉన్న బండే అని నా అనుభవం.

బాడీ, వరద నీళ్లు

చౌకైన పెయింట్ మందం మీటర్ ఒకటి కొనుక్కోండి, లేదా అద్దెకు తెచ్చుకోండి. కంపెనీ పెయింట్ చాలా కార్లలో 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఒక్క డోర్ మీద 250 అంటే రీపెయింట్, వేలల్లోకి వెళ్తే కింద పుట్టీ ఉన్నట్టే. అయస్కాంతం పెట్టి చూసే పాత పద్ధతి అన్ని బండ్లకూ పనిచేయదు. మస్టాంగ్ బానెట్ అల్యూమినియం, దానికి అయస్కాంతం ఎలాగూ అంటుకోదు.

మన ప్రాంతంలో వరద సంగతి తప్పకుండా చూడాలి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. 2020 అక్టోబర్లో హైదరాబాద్‌లో ఎన్ని కార్లు మునిగాయో అందరం టీవీల్లో చూశాం. స్పోర్ట్స్ కారు ఎత్తు తక్కువ, మోకాలి లోతు నీళ్లకే సీట్ల కింది వైరింగ్ దాకా తడుస్తుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, అడుగున మట్టి గీత ఉంటే నీళ్లు చూసిన బండే. డిక్కీలో స్టెప్నీ గుంట, సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింది వాసన కూడా చూడండి. అలాంటి బండి ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఇందులో బేరానికి చోటు లేదు.

స్కానర్ పెట్టించడం

స్టీరింగ్ కింది సాకెట్‌కు పెట్టి బండి కంప్యూటర్‌ను చదివే మామూలు ఓబీడీ స్కానర్‌తో ఫోన్‌లోనే ఎర్రర్ కోడ్‌లు చూడొచ్చు. కోడ్‌లు ఏమీ లేవంటే సంతోషపడే ముందు రెడీనెస్ టెస్టులు (బండి తనను తాను చేసుకునే పరీక్షలు) పూర్తయ్యాయో లేదో చూడండి. అవి ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే, కోడ్‌లను ఇటీవలే చెరిపేశారని లేదా బ్యాటరీ తీశారని అర్థం.

వీలైతే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న మెకానిక్ దగ్గర పూర్తి స్కాన్ చేయించండి. గేర్‌బాక్స్, ఏబీఎస్ లాంటి కంప్యూటర్లలో కూడా కిలోమీటర్లు నమోదై ఉండొచ్చు. డ్యాష్‌బోర్డు అంకె వాటితో కలవకపోతే మీటర్ తిప్పారని అనుమానించాలి. కొన్ని బండ్లలో ఇంజిన్ నడిచిన గంటలు కూడా ఉంటాయి. 30 వేల కిలోమీటర్లకు 2,500 గంటలు చూపిస్తే సగటు వేగం గంటకు 12 కిలోమీటర్లే. అమీర్‌పేట ట్రాఫిక్‌లోనే తిరిగినా అది మరీ తక్కువ. పోర్షాలో అయితే ఇంజిన్ తన పరిమితి దాటి ఎన్నిసార్లు తిరిగిందో, మొత్తం ఎన్ని గంటలు నడిచాక అలా తిరిగిందో కూడా రికార్డవుతుంది. మొదట్లో అడిగిన "ఎలా తిరిగింది" అనే ప్రశ్నకు దీనికన్నా సూటి జవాబు లేదు.

నడిపి చూడటం

పది నిమిషాల చక్కర్లు చాలవు, ముప్పావుగంట కావాలి. ముందు చౌరస్తా ట్రాఫిక్‌లో పాకించండి. ఆటోమేటిక్ అయితే మొదటి, రెండో గేర్ మధ్య వణుకు, రివర్స్‌లో కుదుపు ఇక్కడే బయటపడతాయి. తర్వాత కాజీపేట బ్రిడ్జి ఎక్కేటప్పుడు, మాన్యువల్ అయితే మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఆర్పీఎం ముల్లు పైకి లేచి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా దాటుతూ అద్దాలు దించి, పాటలు ఆపి వినండి. టకటక చప్పుడు వస్తే సస్పెన్షన్‌లోని బుష్‌లు, లింక్ రాడ్‌లు అరిగినట్టే. హైదరాబాద్ హైవే మీద ఘన్‌పూర్ వైపు వెళ్లి, వెనక ఎవరూ లేనప్పుడు 80 నుంచి గట్టిగా బ్రేక్ వేయండి. పెడల్ కొట్టుకోకూడదు, స్టీరింగ్ వణకకూడదు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనక నీలం పొగ పడుతుందేమో అద్దంలో చూడండి, టర్బో సీళ్ల జబ్బు అప్పుడే కనిపిస్తుంది.

తిరిగొచ్చాక ఆపేయొద్దు. ఏసీ ఫుల్ పెట్టి పావుగంట నిలబెట్టండి. మేలో మన దగ్గర 44, 45 డిగ్రీలు తగులుతుంది. చల్లటి దేశాల కోసం గీసిన ఇంజిన్‌కు అసలు పరీక్ష అది. టెంపరేచర్ ముల్లు మధ్యలో కదలకుండా ఉండాలి, ఫ్యాన్ తిరిగి ఆగుతూ ఉండాలి.

లిఫ్ట్ మీద

అమ్మేవాళ్ల మెకానిక్ కాదు, మీరు ఎంచుకున్న మెకానిక్ దగ్గరే ఎక్కించండి. కింద ఆయిల్ తడి, సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) మీద దెబ్బలు, ఛాసిస్ మీద కొత్త వెల్డింగ్ చూడాలి. బ్రేక్ డిస్క్ మీద చెక్కి ఉన్న కనీస మందంతో కొలిచి పోల్చండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లు ఒకే కంపెనీవి కాకపోతే, లోపలి అంచు ఎక్కువ అరిగితే ఖర్చు లెక్కలో వేసుకోండి. పవర్ తక్కువనిపిస్తే, ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే నేను ఆ బండి తీసుకోను. ఈ పరీక్షలకయ్యే ఖర్చు మీరే భరించండి. పరీక్షే వద్దని అమ్మేవాళ్లు అంటే, కారణం వాళ్లే చెప్పాలి.

డబ్బు ఇచ్చే రోజు

దొరికిన లోపాలన్నిటికీ అంచనా వేయించి ఆ కాగితం ముందు పెట్టి మాట్లాడండి. బయానా ఇస్తే, చెప్పిన విషయాలు తప్పని తేలితే తిరిగి ఇవ్వాలని రాయించుకోండి. బండి మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు పెట్టించుకోండి, "తర్వాత చూద్దాం తమ్మీ" అంటే ఒప్పుకోవద్దు. రెండో తాళం అడగండి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లోపు మీ పేరుకు మార్చడానికి దరఖాస్తు పెట్టండి. లేకపోతే మీ బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది వస్తుంది. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ప్రీమియం ఆ లెక్కన చూసుకోండి.

ఇంటికి తెచ్చిన వారంలో ఇంజిన్ ఆయిల్ మార్పించండి. పాత ఆయిల్ ఫిల్టర్‌ను పారేయనివ్వకుండా మెకానిక్‌తో కోయించి, లోపలి మడతలు వెలుగులో విప్పి చూడండి. మెరిసే లోహపు రజను కనిపిస్తే బండిని మళ్లీ స్టార్ట్ చేయకుండా అదే రోజు అమ్మినవాళ్లకు ఫోన్ చేయండి. రాయించుకున్న కాగితం అప్పుడే అక్కరకొస్తుంది.