మీ పొలంలో నీటి దారి చెరిగిపోకుండా: చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు భూములున్న వారికి

హైదరాబాద్‌లో ఉంటూ మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు రెండెకరాలో పదెకరాలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సర్వే శాఖలో పనిచేసి విరమణ తీసుకున్నవాణ్ని. గొలుసు పట్టుకుని ఆ ఊళ్లన్నీ తిరిగాను. ఇప్పుడు నాకూ శంకర్‌పల్లి దగ్గర నాలుగెకరాల చెలక, అంటే మెట్టభూమి, ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నన్ను అందరూ అడిగింది హద్దురాళ్లు ఎక్కడున్నాయనే. ఈ భూమి మీదుగా వాననీళ్లు ఎటునుంచి ఎటు పోతాయని అడిగినవాళ్లు చాలా తక్కువ. భూమిని కాపాడుకోవాలంటే ముందు తెలుసుకోవలసింది అదే.

ఈ వైపు భూములకు ఆ సంగతి మరీ ముఖ్యం. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ గండిపేటకు, ఈసీ హిమాయత్‌సాగర్‌కు చేరేది మన పొలాల వాలు మీద నుంచి దిగిన నీళ్లతోనే. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై కట్టిన జలాశయాలవి. ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట, 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి ఎగువన 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) వచ్చింది, 2022లో దాని స్థానంలో 69 జీవో వచ్చింది. జీవో మారినంత మాత్రాన నేల వాలు మారలేదు. ఆంక్షలున్నా లేకపోయినా మన గట్ల లోపల మనం చేయవలసిన పని అలాగే ఉంది.

కంచె వేయకముందే గ్రామ నక్షా, మీ సర్వే నంబరు టిప్పన్ (కొలతలతో గీసిన చిత్తుపటం) సంపాదించండి. నక్షాలో వాగులు, కుంటలు, బండ్లబాటలు గీసి ఉంటాయి. దాన్ని ఫోనులోని ఉపగ్రహ చిత్రంతో పోల్చి చూడండి. నక్షాలో వాగు ఉండి చిత్రంలో కనిపించకపోతే, దాన్ని ఎవరో పూడ్చి ఉండవచ్చు. పూడ్చినా నీళ్లు వచ్చేది అటే. తర్వాత ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పెద్దమనిషిని ఒకరిని వెంటబెట్టుకుని పొలమంతా నడవండి. మా పక్క పొలం ముసలాయన నన్ను నేరుగా ఒక చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లి, "పెద్దవాన పడితే ఈ మొదలు దాకా వచ్చేవి సారూ, ఇక్కడి నుంచి కుంటలోకి తిరిగేవి" అని చేత్తో చూపించారు. ఏ రికార్డులోనూ దొరకని సమాచారం అది.

మనుషులు చెప్పనిచోట నేలే చెబుతుంది. ముళ్లకంచెకు చిక్కుకున్న గడ్డీగాదం ఎంత ఎత్తున ఉందో చూస్తే నీరు ఎంత ఎత్తున పారిందో తెలుస్తుంది. చెలకలో సన్నని ఇసుక మేట వేసిన చోట నీటి వేగం తగ్గిందని, గులకరాళ్లు తేలిన చోట పైమట్టి కొట్టుకుపోయిందని అర్థం. తుంగ మొలిచిన చోట తేమ నిలుస్తుంది. జూన్‌లో మొదటి గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని పొలంలోనే నిలబడండి. ఆ గంటలో కనిపించింది నక్షా మీద పెన్సిల్‌తో గీసుకోండి.

ఎన్ని నీళ్ల గురించి మాట్లాడుతున్నామో ఒక్కసారి లెక్క చూద్దాం. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లు పైచిలుకు. 50 మిల్లీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్లు, అంటే నగరంలో మనం డబ్బిచ్చి తెప్పించుకునే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నలభై. అది ఒక్క ఎకరానికి, ఒక్క వానకు. ఆ నీళ్లు నేలలో ఇంకితే బావికి ప్రాణం. ఇంకకుండా పరుగెత్తితే మట్టిని కూడా తీసుకెళ్లి చెరువులో పోస్తాయి.

నీళ్లను నడిపించాలంటే ముందు సమమట్టం రేఖ తెలియాలి. దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఏడడుగుల వెదురుకర్రలు రెండు తీసుకుని పై కొసలు కలిపి కట్టండి. కింది కాళ్లు ఐదారడుగుల ఎడంగా ఉండాలి. నడుమ ఒక అడ్డకర్ర బిగించండి. పై ముడి నుంచి దారం వదిలి, దాని కొసకు అడ్డకర్ర కన్నా కిందికి వేలాడేలా చిన్న రాయి కట్టండి. ఇప్పుడు నేల మీద రెండు మేకులు పాతి చట్రం కాళ్లు వాటి మీద నిలపండి. దారం అడ్డకర్రను తాకిన చోట గుర్తు పెట్టండి. తర్వాత కాళ్లు తారుమారు చేసి, అంటే ఎడమకాలు ఉన్న మేకు మీద కుడికాలు వచ్చేలా నిలిపి, మళ్లీ గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల నట్టనడుమ గాటు పెడితే అదే మట్టం గాటు. ఇక పొలంలో ఒక కాలు నిలిపి, దారం ఆ గాటు మీదికి వచ్చేదాకా రెండో కాలును కొద్దిగా పైకో కిందికో జరుపుతూ, కుదిరిన చోటల్లా సున్నం చుక్క వేసుకుంటూ అడ్డంగా నడవండి. గాలి ఉన్న పూట దారం ఊగుతుంది కాబట్టి తెల్లవారుజామున చేయడం మేలు. చుక్కలన్నీ కలిపితే ఒక వంకర గీత వస్తుంది. దాన్ని తిన్నగా చేయాలని చూడకండి. ఆ వంకరే మీ నేల అసలు ఆకారం.

సాగుచేయని పై మెరకలో ఆ గీత వెంట కందకాలు తవ్వించండి. ముప్పై అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న ఒక్క కందకంలో దాదాపు రెండున్నర వేల లీటర్లు పడతాయి. తవ్విన మట్టిని దిగువ పక్కనే పోయాలి. పై వరుసలో ఖాళీ వదిలిన చోట కింది వరుసలో కందకం వచ్చేలా చూసుకోండి. సాగుభూమిలో కందకాలు వద్దు, గట్లు చాలు. అయితే ప్రతి గట్టుకూ ఎక్కువైన నీళ్లు పొర్లిపోయేలా రాళ్లు పరిచిన అలుగు ఒకటి ఉండి తీరాలి. అలుగు లేని గట్టు పెద్దవానకు తానే తెగి, కింది గట్లన్నిటినీ తెంపుతుంది. ఇక్కడే శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1999లో రైతులతో కలిసి ఇలాంటి పని మొదలుపెట్టింది. చెక్‌డ్యాంలు కట్టారు, గట్లు వేశారు, గట్ల మీద గ్లిరిసిడియా చెట్లు పెంచి దాని ఆకును ఎరువుగా వాడారు. బావుల్లో నీళ్లు పెరిగాయి. వీలైతే వెళ్లి చూడండి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. నగరం నుంచి వచ్చి భూమి కొన్నవాళ్లు చేసే పనుల్లో అన్నిటికన్నా హాని చేసేది జేసీబీ పెట్టి పొలమంతా చదును చేయించడం. మన చెలకల్లో సారమంతా పైన జానెడు మట్టిలోనే ఉంటుంది. చదును పేరుతో దాన్ని పల్లంలో పూడ్చి, కింది మొరాన్ని పైకి తెచ్చుకుంటే మళ్లీ ఆ మట్టి తయారవడానికి మన జీవితకాలం చాలదు. దయచేసి ఆ పని చేయకండి. అలా ఇప్పటికే పాడైన నేలకు, సాధారణ ఎర్ర చెలకలకు కూడా, వేసవిలో ఎండిన కుంట పూడికమట్టి మంచి మందు. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కాలంలో చాలామంది రైతులు ఆ మట్టి తోలుకున్నారు. ముందు మట్టి పరీక్ష చేయించి, అనుమతి తీసుకుని తోలుకోండి. మెత్తని ఒండ్రు వరకే తీయాలి, కుంట అడుగు గుల్ల కాకూడదు. నల్లరేగడికి ఇది అవసరం లేదు.

చెట్ల విషయం క్లుప్తంగా. వాగు ఒడ్డున కానుగ, గట్ల మీద వట్టివేరు, సీతాఫలం, పై మెరకలో వేప, మోదుగ, ఇప్ప. తంగేడు దానంతటదే వస్తుంది, పీకకుండా ఉంటే చాలు. కోనోకార్పస్, సుబాబుల్ వద్దు. ఉన్న పెద్దచెట్టును కాపాడటం వంద మొక్కలు నాటడం కన్నా గొప్ప పని. చేవెళ్ల రోడ్డు మర్రుల నీడలో ఒక్కసారి నిలబడినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మీ సొంత భూమిలోని చెట్టయినా నరకాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలని గుర్తుంచుకోండి.

ఇక ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు, కోళ్ల ఫారాలు, ఇటుక బట్టీలు నడిపేవారికి. మీ దగ్గర డబ్బుంది, మనుషులున్నారు, మీరు తలచుకుంటే ఊరికి జరిగే మేలు ఎక్కువ. అన్నిటికన్నా ముందు ప్రహరీ చూసుకోండి. నీటి దారికి అడ్డంగా కట్టిన గోడ ఎగువ రైతు పంటను ముంచుతుంది, దిగువ కుంటను ఎండబెడుతుంది. నక్షాలో గీత ఉన్న ప్రతిచోటా గోడ అడుగున తూములు వదలండి, వాటికి జాలీ పెట్టండి, వానల ముందు చెత్త తీయించండి. పార్కింగ్‌ మొత్తానికి కాంక్రీటు వేయకుండా కంకర పరిచి వదిలేస్తే అక్కడ పడ్డ వాన అక్కడే ఇంకుతుంది. వంటశాల నీళ్లు, కోళ్ల ఎరువు మాత్రం వాగు దరిదాపులకు రాకూడదు. ఎరువును కప్పు కింద కుప్పవేసి మాగబెట్టండి, రైతులే కొనుక్కుపోతారు. చెరువు పక్కన ఏదైనా కట్టేముందు ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, కనుక్కోండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలి.

పెద్ద కంపెనీలకు 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టే నిబంధన ఉంది. నేల, నీటి సంరక్షణ అందులోకి వస్తుంది. మీ ఊరికి అలాంటి కంపెనీ వస్తే వెయ్యి మొక్కలూ ఒక బోర్డూ అడగకండి. వంద మొక్కలు, వాటికి మూడు వేసవులు నీళ్లు పోసే మనిషి జీతం, అలుగు మరమ్మతుకు ఏటా కొంత సొమ్ము అడగండి.

ఇంత చేసినా మీ ఒక్కరి పొలంతో వాగు నిలవదు. ఎగువన ఇద్దరు, దిగువన ఇద్దరు రైతులను కలుపుకోండి. నీళ్ల మాట ఎత్తేముందు గట్టు తగాదా ఉంటే తేల్చుకోండి, అవసరమైతే అడుగు మీరే వదులుకోండి. ఆ తర్వాత మాట కాగితం మీదికి రావాలి. చాలామంది పిల్లలకు రాసే దానపత్రంలో "ఎప్పటికీ ఎవరికీ అమ్మరాదు" అని రాయిస్తారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం పదో సెక్షన్ ప్రకారం అలాంటి సంపూర్ణ నిషేధం చెల్లదు. దానికన్నా నిలిచే దారి ఇంకొకటి ఉంది. వాగుకు ఇరువైపులా ఇన్ని అడుగుల మేర పూడ్చబోము, కట్టబోము, నీటిని అడ్డగించబోము అని పక్కపక్క భూముల వాళ్లు ఒకరికొకరు ఒప్పందం రాసుకోవచ్చు. పక్క భూమి మేలు కోసం పెట్టుకున్న ఇలాంటి కట్టుబాటు, ఆ సంగతి తెలిసి కొన్నవాడికి కూడా వర్తిస్తుందని అదే చట్టం నలభయ్యో సెక్షన్ చెబుతోంది. కొన్నవాడు నాకు తెలియదనకుండా ఉండాలంటే ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. సర్వే నంబర్లు, వాగు నక్షా, వదిలిన అడుగుల కొలత అందులో స్పష్టంగా ఉండాలి. రాయించేముందు సివిల్ వ్యవహారాలు చూసే మంచి వకీలుకు చూపించండి, ఆ ఫీజుకు వెనకాడకండి.

ఏటా చేయవలసినవి కొన్ని ఉంటాయి. మృగశిర కార్తెకు ముందు అలుగులు, తూములు శుభ్రం చేయించాలి. పెద్దవాన తర్వాత మర్నాడే గట్లన్నీ తిరిగి చూడాలి, ఎలుక బొరియ నుంచి నీరు చెమ్మగిలుతుంటే అప్పటికప్పుడు తవ్వి, తడిమట్టి కూరి దిమ్మిసతో కొట్టి గట్టిపరచాలి. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి బావిలోకి తాడు వదిలి నీటిమట్టం కొలిచి, తేదీతో సహా పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం పక్క రైతులకూ చూపించండి. ఒప్పందానికి ఇంకా ముందుకు రానివాళ్లకు దాన్ని చేతికివ్వండి.