ఇద్దరికీ కలిపి ఒకే పుస్తకం

పుస్తకాలు చదివే ఫ్రెండ్ ఒక్కరున్నా సరే, ఈసారి ఇద్దరూ కలిసి ఒకే కాపీ కొనండి. కొత్తదే కానక్కర్లేదు, హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో వెతకండి, ఆ వెతుకులాటలోనే బోలెడు కబుర్లు దొర్లుతాయి. ముందు ఒకరు చదువుతూ, నచ్చిన వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన మార్జిన్‌లో ఏమనిపిస్తే అది రాయాలి, "ఈ అత్తగారు అచ్చం మా పెద్దమ్మే" అన్నంత మామూలుగా. రెండోవాళ్లు వేరే రంగు పెన్సిల్‌తో జవాబులు రాస్తూ చదవాలి. పెన్ను వద్దు, పాత కాగితం మీద ఇంకు అవతలి పేజీకి దిగిపోతుంది. "పుస్తకం ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" దగ్గరే మాట ఆగిపోతుంది, అదే ఒక గీత చూపించి ఇదెందుకు గీశావ్ అంటే గంటసేపు మాట్లాడుకోవచ్చు. లైబ్రరీ పుస్తకమైతే మాత్రం గీతలొద్దు, చీటీలు పెట్టుకోండి.