ముళ్లు లేని నక్షత్ర కాక్టస్‌కి నికార్సైన గింజలు దొరకాలంటే

నక్షత్ర కాక్టస్, అంటే ఆస్ట్రోఫైటమ్ ఆస్టేరియాస్, నేలకు అతుక్కుని పెరిగే కాక్టస్. మామూలుగా ఎనిమిది పలకలు, వాటి మీద సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు. పెద్ద మొక్కకి ఒక్క ముల్లు కూడా ఉండదు. పూసిందంటే మాత్రం దాదాపు మొక్కంత పువ్వు! పసుపు రేకలు, మధ్యలో ఎర్రటి గొంతు.

ముళ్లన్నీ దీని చుట్టాలవి. కాప్రికోర్నెకి మేకకొమ్ముల్లా మెలితిరిగి ఉంటాయి, ఆర్నాటమ్‌కి సూదుల్లా నిటారుగా. గింజల దగ్గర చిక్కంతా ఈ చుట్టాలతోనే. ఇవి ఒకదానితో ఒకటి సులువుగా కలిసిపోతాయి. పైగా ఆస్టేరియాస్ తన పుప్పొడితో తాను గింజ కట్టదు, తేనెటీగ పక్క మొక్క నుంచి ఏది మోసుకొస్తే అదే. నేను మొదట కొన్న ఇరవై గింజల్లో పదకొండు మొలిచాయి. ఏడాదిన్నర కంటికి రెప్పలా చూసుకున్నాక మూడింటికి గోధుమరంగు ముళ్లు పొడుచుకొచ్చాయి. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

అందుకే అమ్మేవాళ్లని మొదట ఒకటే అడుగుతాను: "పుప్పొడి ఏ మొక్కది? చేత్తో పెట్టారా?" చేత్తో పెట్టినవాళ్లు రెండు మొక్కల ఫొటోలూ పంపిస్తారు. నసిగితే కొనను. తర్వాత కాయ కోసిన సంవత్సరం అడగండి, గింజ పాతబడేకొద్దీ మొలక తగ్గుతుంది. మంచి గింజ రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, నల్లగా మెరుస్తూ, ఒకవైపు గుల్లగా, బోర్లించిన టోపీలా. 'సూపర్ కబుటో' (తెల్ల చుక్కలు పెద్దవిగా, దట్టంగా ఉండే రకం) అని రాసి ఉంటే ముచ్చటే కానీ, పిల్లలన్నీ ఫొటోలోలాగే వస్తాయని ఆశ పెట్టుకోకండి.

వేరే దేశం నుంచి తెప్పించడం తేలిక కాదు. దీని సొంతచోటు టెక్సస్ దక్షిణ కొస, ఈశాన్య మెక్సికో. తవ్వుకుపోయేవాళ్ల వల్ల అక్కడ బాగా తగ్గిపోయింది, అందుకే అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలో, అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. గింజలు సరిహద్దు దాటాలన్నా పర్మిట్ కావాలి. కాగితాలు అక్కర్లేదనే మనిషి దగ్గర కొనకండి, దయచేసి.

అన్నిటికన్నా నాకు నచ్చిన దారి, వేర్వేరు గింజల నుంచి వచ్చిన రెండు మొక్కలు పెంచడం. రెండూ ఒకేసారి పూసిన రోజు, ఎండకి పూలు బాగా విచ్చుకున్నాక, మెత్తటి బ్రష్‌తో ఒకదాని పుప్పొడి తీసి రెండోదాని కీలాగ్రానికి (పువ్వు నడుమ పుప్పొడిని అందుకునే కొసకి) అద్దాలి. తర్వాత అటు నుంచి ఇటు. కాయ ఎండి చిట్లడం మొదలవగానే గింజలు దులిపి, నీడన ఆరబెట్టి, కాగితం కవర్లో వేసి, పైన రెండు మొక్కల గుర్తులూ తేదీ రాసిపెట్టుకోండి.