తర్కం చదివేవాళ్లు హాస్కెల్ ఎక్కడ మొదలుపెట్టాలి

హాస్కెల్ ఒక ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాష. నన్నడిగితే అందులో మోనాడ్ల (గణన దశల్ని గొలుసుకట్టే పద్ధతి) జోలికి ఇప్పుడే వెళ్లొద్దంటాను. ఇన్‌స్టాల్ చేసిన రోజే ఒక డేటా టైప్ రాయండి: ఫార్ములా అంటే ఒక చరరాశి, లేదా ఒక ఫార్ములాకి నిషేధం, లేదా రెండు ఫార్ములాల మధ్య ‘అయితే’. కాగితం మీద మనం ఇచ్చే నిర్వచనం అచ్చం ఇదే కదా! సత్యవిలువ కట్టే ఫంక్షన్‌కీ మూడు లైన్లు చాలు. ఇండక్షన్ ఎలా నడుస్తుందో రికర్షన్ అలాగే నడుస్తుంది.

తర్వాత సత్యపట్టిక. రెండు చరరాశులకి 4 వరుసలు, పదింటికి 1024.

ఇప్పుడు పియర్స్ నియమం తీసుకోండి: ‘పి అయితే క్యూ’ అయితే పి; అదంతా నిజమైతే పి. 4 వరుసల్లోనూ సత్యమే వస్తుంది. దాన్నే, ‘అయితే’ ఉన్నచోట ఫంక్షన్ బాణం పెట్టి, హాస్కెల్ టైప్‌గా రాసి, ఆ టైప్‌కి సరిపడే ఫంక్షన్ కోసం ప్రయత్నించండి. నేను రెండు సాయంత్రాలు కూర్చున్నాను. అంతులేని రికర్షన్‌తోనో ఎర్రర్‌తోనో తప్పించుకుంటే తప్ప రాదు. ‘పి గాని, పి కాదు గాని’ అని ముందే ఒప్పుకోని ఇంట్యూషనిస్టిక్ తర్కంలో ఆ నియమానికి రుజువు లేదు. రుజువు లేనిచోట ప్రోగ్రామూ లేదు. ప్రతిపాదనలంటే టైపులు, రుజువులంటే ప్రోగ్రాములు అనే కర్రీ-హోవర్డ్ సంబంధం నాకు ఒంటబట్టింది అక్కడే.

నిషేధాన్ని వాయిడ్‌కి (ఏ విలువా లేని టైప్) వెళ్లే ఫంక్షన్‌గా తీసుకుని, అదే నియమానికి రెండు నిషేధాలు తగిలించి మళ్లీ రాయండి. ఈసారి ఒక్క లైన్లో వస్తుంది.