“పాత రికార్డు లేదండీ” అంటే ఏం చేయాలి: సమస్య - పరిష్కారం

బ్యాంకు, ప్రభుత్వ ఆఫీసు కౌంటర్లో ఆ మాట వినగానే చాలామంది వెనక్కి వచ్చేస్తారు. అసలు విషయం మూడింట్లో ఒకటి కావచ్చు: గడువు తీరి తీసేశారు, వేరేచోటికి పంపారు, లేదా ఎవరూ వెతకలేదు. ఏదో తేల్చుకోకుండా ఎన్నిసార్లు తిరిగినా ఆటో ఖర్చే మిగులుతుంది.

సమస్య: పన్నెండేళ్ల కిందటి వోచర్ బ్యాంకులో దొరకడం లేదు.

కారణం: 1985 నాటి నియమాల ప్రకారం బ్యాంకులు రికార్డులను రకాన్ని బట్టి కనీసం 5 లేదా 8 ఏళ్లు ఉంచితే చాలు. మనీలాండరింగ్ నిరోధక చట్టం లావాదేవీ వివరాలకు, జరిగిన తేదీ నుంచి 5 ఏళ్లు పెట్టింది. మీరిచ్చిన గుర్తింపు పత్రాలకు లెక్క వేరు: ఖాతా మూసేశాక 5 ఏళ్లు.

పరిష్కారం: కాగితం పోయినా కంప్యూటర్లో ఎంట్రీ ఉండొచ్చు. వోచరే కావాలని పట్టుబట్టకుండా, తేదీలు రాసి స్టేట్‌మెంట్ అడగండి. కోర్టుకైతే 1891 బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం కింద ధ్రువీకరించిన కాపీ అని దరఖాస్తులోనే రాయండి. మామూలు ప్రింటవుట్ పట్టుకెళ్తే ఎదుటి వకీలుకు పండగే.

సమస్య: ఆ బ్యాంకే ఇప్పుడు లేదు.

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి. బాధ్యత కలుపుకున్న బ్యాంకుదే. అక్కడ ఇచ్చే దరఖాస్తుకు పాత పాస్‌బుక్ జిరాక్స్ జతచేయండి. పదేళ్లు కదలని డిపాజిట్ రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్లినా డబ్బు మీదే. ఇలాంటి డిపాజిట్లు వెతికే రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్ ఉద్గమ్‌లో చూసి, బ్యాంకులోనే క్లెయిమ్ చేయాలి.

సమస్య: ఇంటి లోను తీరింది, దస్తావేజులు మాత్రం “హెడ్డాఫీసు నుంచి రావాలి”.

రావాల్సిన గడువు 30 రోజులు. 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ ఆదేశం ప్రకారం, తప్పు బ్యాంకుదైతే ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకీ 5,000 రూపాయలు మీకివ్వాలి. పత్రాలు పోగొట్టితే మరో 30 రోజులు వెసులుబాటు ఉంటుంది, కానీ నకళ్ల ఖర్చు బ్యాంకే భరించాలి. నోటిమాటగా అడిగితే ఈ లెక్క మొదలైందని చూపించలేరు. లోను తీరిన తేదీ వేసి లెటర్ ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. దస్తావేజు సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. అది ఉందని చెప్పి బ్యాంకు ఒరిజినల్ సంగతి దాటేయబోతే ఒప్పుకోకండి.

సమస్య: ప్రభుత్వ ఆఫీసులో ఫైలు “మిస్సింగ్”.

ఫైలు కనబడకపోవడం సమాచార హక్కు చట్టంలో మినహాయింపు కాదు. ఢిల్లీ హైకోర్టు 2013లో ఒక కేసులో, వెతికించాలి, పోయిందంటే బాధ్యులెవరో తేల్చాలి అంది. అందుకే దరఖాస్తులో ఫైలొక్కటే అడగొద్దు. దాని నిల్వ గడువెంత, చివరగా ఎవరి దగ్గరుంది, తీసేసి ఉంటే ఆ ఉత్తర్వు కాపీ ఏది, ఈ మూడూ అడగండి. నా అనుభవంలో మూడో ప్రశ్నకే ఫైళ్లు బయటపడతాయి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.

ఒక పొరపాటు: 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టంలో జైలుశిక్ష ఉందని తహసీల్దారును బెదిరించేవాళ్లున్నారు. అది కేంద్ర కార్యాలయాలకు చేసిన చట్టం, తహసీల్దారుది రాష్ట్ర ఆఫీసు కాబట్టి అక్కడ పనిచేయదు.

నిజాం కాలం నాటి కాగితమైతే హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో (ప్రభుత్వ పాత రికార్డుల భండారం) అడగండి. ఉర్దూ, ఫారసీ చదవగలిగేవాళ్లను వెంట తీసుకెళ్లండి.