సైకిల్ తొక్కితే మోకాలు నొప్పా? ముందు సీటు ఎత్తు చూడండి

మోకాలిచిప్ప దగ్గర నొప్పైతే సీటు మరీ కిందికి ఉందేమో చూడండి. మోకాలి వెనక లాగుతుంటే ఎత్తు ఎక్కువై ఉండొచ్చు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్‌పై మడమ ఆనించి వెనక్కి తిప్పండి. పెడల్ అట్టడుగుకు చేరేసరికి కాలు తిన్నగా చాచుకోవాలి, నడుము పక్కకు ఒరగకూడదు. అదే పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు 25–35 డిగ్రీలు వంగి ఉంటుంది.

మార్చేముందు సీటు గొట్టానికి టేపు చుట్టి పాత ఎత్తు గుర్తుపెట్టుకోండి. ఒకసారికి 3–5 మిల్లీమీటర్లే. రెండు మూడు రైడ్లు చూశాకే మళ్లీ ముట్టుకోండి. ఆత్రపడి రెండు సెంటీమీటర్లు లేపితే నొప్పి ముందు నుంచి వెనక్కి మారుతుందంతే! ఇంతకుమించి లేపొద్దని గొట్టం మీద ఉండే హద్దు గీత బయటికి కనబడకూడదు.

ఎత్తు సరిగ్గానే ఉందా? అయితే గేరు. బరువైన గేరులో నొక్కి తొక్కొద్దు, పెడల్ నిమిషానికి 80 చుట్లు తిరిగేలా తేలిక చేయండి. వాపొచ్చినా, మోకాలు పట్టేసినా డాక్టర్‌కి చూపించండి.